పాత తెరను మార్చే ముందు

కంప్యూటర్ కోర్సులు చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఈ చిన్న పాఠం.

మన వంటగదిలో ఉప్పు డబ్బా ఏదో, కారం డబ్బా ఏదో వంట మనిషికి చూడకుండానే తెలుసు. అవి పాతవే, మసి పట్టినవే. ఎవరైనా ఒకరోజు ఆయన్ని అడగకుండా అన్నీ కడిగి వరస మార్చి పెడితే అల్మరా అందంగానే ఉంటుంది. కానీ ఆ పూట కూరలో ఉప్పు ఉంటుందో లేదో చెప్పలేం!

సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే. అందరూ చూసే పేజీలు కొన్నయితే, దాన్ని నడిపేవారు మాత్రమే చూసేవి కొన్ని. వీటినే అడ్మిన్ ప్యానెల్ అంటారు. ఏళ్లు గడిచేకొద్దీ బటన్లు, మెనూలు చేరి అది గందరగోళం అవుతుంది. అప్పుడు మార్చక తప్పదు. అయితే ఎలా మార్చాలి?

వర్డ్‌ప్రెస్ కథ చూద్దాం. వెబ్‌సైట్లు నడపడానికి వాడే ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ 2003లో మొదలైంది. 2008 మార్చిలో 2.5 వెర్షన్‌తో దాని అడ్మిన్ రూపాన్ని ఒక పేరున్న డిజైన్ సంస్థ సాయంతో మార్చారు. చూడటానికి బాగుంది. కానీ రాసే పేజీలో అంతకుముందు పక్కనే ఉండే విభాగాల పెట్టె కిందికి పోయింది. వ్యాసం పెట్టిన ప్రతిసారీ పేజీ కిందికి జరపాల్సి రావడంతో చాలామంది విసుక్కున్నారు.

దాంతో ‘క్రేజీహార్స్’ అనే నమూనా తయారుచేసి, వాడేవారిని కూర్చోబెట్టి, పని ఇచ్చి, వారి చూపు తెర మీద ఎటు పోతోందో కూడా పరికరంతో గమనించారు. అదే ఏడాది డిసెంబరులో 2.7 వచ్చింది. పైన అడ్డంగా ఉన్న మెనూ ఎడమవైపు నిలువుగా మారింది. అడ్డంగా చోటు త్వరగా నిండిపోతుంది, నిలువుగా అయితే ఇంకా చేర్చుకోవచ్చు. అక్కర్లేని పెట్టెలను దాచుకునే వీలూ కల్పించారు. 2013లో మళ్లీ మార్చినప్పుడు కొత్త రూపాన్ని ముందు ‘ఎంపీ6’ అనే ప్లగిన్‌గా ఇచ్చారు. ఇష్టమైనవారు వాడి చూశాకే డిసెంబరులో 3.8 వెర్షన్‌లో అందరికీ చేర్చారు. ఎడమ మెనూ మాత్రం అలాగే ఉంది.

దీన్నిబట్టి మనం గుర్తుంచుకోవాల్సినవి:

1. పాత తెర మీద జరిగే ప్రతి పనినీ రాసుకోవాలి. రోజూ చేసేవి, ఏడాదికోసారి చేసేవి విడదీయాలి.

2. వాడేవారి పక్కన కూర్చుని చూడాలి. ఎక్కడ ఆగుతున్నారో, ఏది వెతుకుతున్నారో నోటితో చెప్పలేరు, చేతులు చెబుతాయి.

3. కొత్త రూపాన్ని ముందు కాగితం మీద గీసి, దానిమీదే పని చేయించి చూడాలి.

4. కొందరికి ముందుగా ఇచ్చి, తప్పులు దిద్ది, ఆ తర్వాతే అందరికీ ఇవ్వాలి. అంతవరకు పాతది తీసేయకూడదు.

ఇది రంగుల విషయం కాదు. స్కాలర్‌షిప్ దరఖాస్తును ఆమోదించే బటన్ గుమాస్తాకు కనబడకపోతే, ఆగిపోయేది మనలాంటి ఒకరి ఫీజు. ఆ తెర ఎలా ఉందో మనకు కనిపించదు, దాని ఫలితం మాత్రం మనకే తగులుతుంది.

అభ్యాసానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. మన హాజరు రిజిస్టరును తెరగా మార్చాలనుకుని ఒక తెల్లకాగితం మీద గీయండి. రోజూ హాజరు వేసేవారి చేతికిచ్చి, మాట్లాడకుండా పక్కన కూర్చోండి. రేపు మనలో ఎవరో ఒకరు అలాంటి తెరలు తయారుచేస్తారు. అప్పుడు ఈ అలవాటు పనికొస్తుంది.