వేలంపాటలో పాత బొమ్మ – ఒక పాఠం

"వేలంవెర్రి" అనే మాట మీరు వినే ఉంటారు. కొత్త సినిమా టికెట్ల కోసం జనం ఎగబడితే ఈ మాట వాడతాం. ఆ మాటలోనే "వేలం" ఉంది చూడండి. పక్కవాడు పాట పెంచాడు కదా అని మనమూ పెంచుకుంటూ పోవడమే అసలైన వేలంవెర్రి. దీని అర్థం నాకు ఒక ఏనుగు బొమ్మ నేర్పింది.

మన మోరిస్‌విల్‌కి అరగంట దూరంలో పాత సామాన్ల వేలం జరిగింది. జాబితాలో "చెక్క ఏనుగు, ఇండియా" అని మాత్రమే రాశారు. చూడగానే గుర్తుపట్టాను, అది కొండపల్లి అంబారీ ఏనుగు! మన బడి బొమ్మల కొలువులో పెడదామని, 40 డాలర్లు దాటకూడదని అనుకుని వెళ్ళాను. ఇంకొకాయన కూడా పట్టుగా పాడాడు. ఒకటోసారి, రెండోసారి అనే లోపు నా చెయ్యి దానంతటదే లేచేది. చివరికి సుత్తి 100 డాలర్ల దగ్గర పడింది.

ఇంటికి తెచ్చి చూస్తే తొండం విరిగితే అతికించి, పైన కొత్త రంగు పూశారు. "ఉన్నది ఉన్నట్టే అమ్మకం" అని షరతుల్లో ముందే రాసి ఉంది. చదవనిది నేనే! అందుకే ఈ పాఠం.

మొదటి సూత్రం: బొమ్మను తెలుసుకోవాలి

కొండపల్లి బొమ్మను తేలికైన తెల్లపొణికి కర్రతో చేస్తారు. భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. సున్నం పూత వేసి, ఆరాక రంగులు వేస్తారు. ఏటికొప్పాక బొమ్మ వేరు. అంకుడు కర్రను యంత్రం మీద తిప్పుతూ లక్క రంగు పట్టిస్తారు కాబట్టి అది గుండ్రంగా, నున్నగా మెరుస్తుంది. పాత కొండపల్లి బొమ్మ మీద రంగు పెచ్చు ఊడితే కింద తెల్లటి పూత కనబడాలి. పగుళ్ళ లోపలికి కూడా కొత్త రంగు దిగి ఉంటే మళ్ళీ రంగు వేశారని అనుమానించండి.

రెండో సూత్రం: లెక్క ముందే వేయాలి

సుత్తి ధర 100 డాలర్లు. వేలం సంస్థ రుసుము 20 శాతం కలిపితే 120. దాని మీద మన వేక్ కౌంటీ అమ్మకపు పన్ను 7.25 శాతం, అంటే 8.70. మొత్తం 128.70 డాలర్లు! నిజానికి 40 డాలర్లలో ముగించాలంటే నేను 31 దగ్గరే ఆగిపోవాలి.

మూడో సూత్రం: హద్దు కాగితం మీద రాయాలి

1995లో మొదలైన ఈబేలో మనం ఇవ్వగల గరిష్ఠ ధర ముందే చెప్పవచ్చు. మీరు 60, ఇంకొకరు 40 అని చెబితే, పెంపు ఒక డాలరు అయితే మీరు కట్టేది 41 మాత్రమే. ఇలాంటి వేలంలో మనసులో ఉన్న అసలు విలువ చెప్పడమే లాభమని విలియం విక్రీ 1961లోనే నిరూపించారు. ఆయనకు 1996లో నోబెల్ బహుమతి వచ్చింది.

తల్లిదండ్రులకు ఒక మాట: అమెరికాలో ఇళ్ళ రంగుల్లోనూ బొమ్మల రంగుల్లోనూ సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకు ముందటి బొమ్మలను, ఎప్పటివో తెలియని వాటిని చిన్నపిల్లల నోటికి అందనివ్వకండి.

ఏనుగు ఇప్పుడు మన కొలువులో ఉంది. కానీ నేను కట్టిన 128.70 డాలర్లలో ఒక్క సెంటు కూడా కొండపల్లి చేరలేదు. పాత బొమ్మ కొంటే జ్ఞాపకం మిగులుతుంది. కొత్త బొమ్మ కొంటే దాన్ని చెక్కే చెయ్యి నిలుస్తుంది. ఈసారి ఊరు వెళ్ళినప్పుడు విజయవాడ పక్కనే ఉన్న కొండపల్లికి పిల్లలను తీసుకువెళ్ళండి.

అభ్యాసం

1. సుత్తి ధర 50 డాలర్లు అయితే, పై లెక్క ప్రకారం మొత్తం ఎంత?
2. అంబారీ, మక్కు, లక్క, హద్దు – ఈ మాటలతో సొంత వాక్యాలు రాయండి.
3. మీరు చూసిన ఒక వేలంవెర్రి గురించి ఐదు వాక్యాలు చెప్పండి.