కేకు కుంగిందని గాభరా పడకు

ఖరగ్‌పూర్,
డిసెంబరు 12.

చి.ల.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఆదివారం నువ్వు చేసిన కేకు నడుమ కుంగిపోయిందనీ, ఇక ఓవెన్ జోలికి పోనని ఒట్టు పెట్టుకున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు.

మీ పెదనాన్న ఇక్కడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసినన్నాళ్ళూ ఒక మాట అనేవారు: మూడు సామాన్లు ఒకేసారి మారిస్తే తప్పెక్కడుందో ఎప్పటికీ తెలీదని. కేకుకీ అంతే. నీ కేకునే చూద్దాం. నడుమ కుంగిందంటే లోపల పచ్చిగా ఉండిపోయి ఉండాలి, లేదా సగంలో ఓవెన్ తలుపు తీసి ఉండాలి, లేదా పొంగించే పొడి ఎక్కువై ఉండాలి. పుల్ల గుచ్చితే పొడిగానే వచ్చిందట. తలుపూ తీయలేదట. కానీ లోపల ఎర్రబడి, తింటే సబ్బులా ఉందన్నావట. అక్కడే దొరికింది. బేకింగ్ పౌడరు లేదని అదే కొలత వంటసోడా వేశావు.

సోడా బలం పౌడరుకి మూడు నాలుగింతలమ్మా. పైగా దానికి పెరుగో నిమ్మరసమో పులుపు తోడుండాలి. పౌడరులో ఆ పులుపు ముందే కలిసి ఉంటుంది. పులుపుకి మించిన సోడా మిగిలిపోయి సబ్బు రుచి వస్తుంది. బుడగలు ఎక్కువై, పిండి గట్టిపడేలోగానే పగిలి కేకు కూలిపోతుంది. కప్పు మైదాకి చెంచా పౌడరు చాలు. పెరుగు వేస్తే పావు చెంచా సోడా సరిపోతుంది. డబ్బా పాతదైతే అర చెంచా పౌడరు వేడినీళ్ళలో వేసి చూడు. బుసబుస పొంగకపోతే పారేయ్.

సబ్బు రుచి పట్టిన కేకుని ఎవరూ బాగుచేయలేరు. మిగతావాటికి మందుంది. నడుమ పచ్చిగా ఉంటే, వేడి మీదుండగానే పైన రేకు కాగితం కప్పి 160 డిగ్రీల్లో ఇంకో పావుగంట ఉంచు. ఎండిపోతే కమలాపండు రసంలో పంచదార కరిగించి పుల్లతో పొడిచిన చోటల్లా పొయ్యి. కిస్‌మిస్ అడుక్కి దిగితే ఈసారి తడి తుడిచి మైదాలో దొర్లించు.

నేను నేర్చుకున్నది పక్క క్వార్టర్స్‌లో ఉండే ఆంగ్లో ఇండియన్ ఆంటీ దగ్గర. బొగ్గుల కుంపటి మీద గిన్నెలో ఇసక పోసి, మూత మీద నిప్పులు పెట్టి కాల్చేది. గడియారం చూసేది కాదు, వాసన పట్టేది. ఒక బొడోదిన్‌కి (బెంగాలీలు క్రిస్మస్‌ని పెద్ద రోజంటారు, మనకి సంక్రాంతి పెద్దపండగైనట్టు) నేను పంచదార మానేసి మొత్తం నోలెన్ గుర్ వేశాను. చలికాలంలో ఇక్కడ దొరికే ఖర్జూర బెల్లం అది, వాసనకే నోరూరుతుంది. కేకు పైన మాడింది, లోపల బంక. బెల్లంలో తేమ ఎక్కువ, త్వరగా మాడుతుంది కూడా. రెండోసారి పాలు మాత్రం తగ్గించాను, బంక పోయింది. మూడోసారి సెగ తగ్గించాను, మాడటం ఆగింది. రెండూ ఒకేసారి తగ్గించి ఉంటే ఏది దేనికి పనిచేసిందో ఈనాటికీ తెలిసేది కాదు.

ఈ ఆదివారం అదే కేకు, అదే గిన్నెలో, అదే సెగలో చెయ్యి. సోడా తీసేసి పౌడరు వెయ్యి, ఇంకేదీ మార్చకు. ఎలా వచ్చిందో ఆ సాయంత్రమే ఫోన్ చెయ్యి, ఎదురుచూస్తుంటాను.

మీ పెద్దమ్మ