మాంసాహార మృగముల దేహపరిమాణము

క్షీరదములలో మాంసాహార గణమని యొక గణము కలదు. పిల్లి, పులి, కుక్క, ఎలుగుబంటి, ముంగిస మున్నగునవి యన్నియు నీ గణములోనివే. ఉత్తరపు శీతల దేశములందలి చిరువీజిల్ అను జంతువు చూపునకు ముంగిసను పోలియుండును. వానిలో కొన్ని 50 గ్రాములైనను తూగవు. దక్షిణ సముద్రములందలి మగ ఏనుగుసీలు 3,000 కిలోగ్రాములను మించి తూగగలదు. ఒకే మూలమునుండి పుట్టిన జంతువులలో నింతటి భేదమెట్లు కలిగెను?

ఏ మృగమును తాను పెద్దది కావలెనని కోరి పెద్దది కాలేదు. ఒక తల్లి పిల్లలలోనే యొకటి కొంచెము పెద్దదిగను, మరియొకటి చిన్నదిగను పుట్టును. ఉన్న పరిస్థితులలో ఏది యాహారమును సంపాదించి, బ్రదికి, ఎక్కువ సంతానమును గనునో, దాని లక్షణము తరతరములకు వ్యాపించును. లక్షల యేండ్లలో జాతి రూపమే మారిపోవును. దీనినే ప్రకృతివరణమందురు.

దేహమునకును ఆహారమునకును గల సంబంధమును 1999లో క్రిస్ కార్బోన్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును పరిశీలించిరి. సుమారు 20 కిలోగ్రాములకు లోబడిన మృగములు సాధారణముగా పురుగులతోను, ఎలుకలవంటి చిన్న ప్రాణులతోను కడుపు నింపుకొనగలవు. అంతకు మించిన మృగము చిన్న ప్రాణులను వెదకి పట్టుటలో వ్యయపరచు శక్తికి తగిన ఫలము లభింపదు. కావున నది తనంతటి జంతువునో, తనకంటె పెద్దదానినో వేటాడవలసినదే. ఎలుకలను పట్టి పులి బ్రదుకజాలదు. మన నల్లమల యడవులలోని రేచుకుక్క యంత పెద్దది కాకున్నను, గుంపు గూడి దుప్పిని పడగొట్టును. ఐకమత్యమే దాని దేహబలము.

కుక్కల వంశము ఉత్తర అమెరికాలో సుమారు 4 కోట్ల సంవత్సరముల క్రిందట పుట్టెను. తొలి కుక్కలు నక్కకంటె పెద్దవి కావు. ఆ వంశము మూడు శాఖలుగా చీలెను. మూడింటను కాలక్రమమున పెద్ద జాతులు పుట్టెను. పెద్ద దేహమువలన పెద్ద యెర చిక్కెను, శత్రుభయము తగ్గెను. కాని పెద్ద మృగమునకు విశాలమైన యడవి కావలెను; దాని సంఖ్యయు స్వల్పము. ఎర తరిగినచో ముందుగా నశించునది యదియే. మాంసమునే నమ్ముకొనిన పెద్ద జాతులు శీఘ్రముగా నంతరించెనని 2004లో బ్లేర్ వాన్ వాల్కెన్‌బర్గ్ మొదలగువారు శిలాజములవలన నిరూపించిరి. మొదటి రెండు శాఖలును నశించెను. నేటి కుక్కలు, తోడేళ్లు, నక్కలు మూడవ శాఖలోనివి.

లాస్ ఏంజిలిస్ నగరమందలి లా బ్రియా తారు గుంటలలో డైర్ తోడేళ్ల యెముకలు దొరకినవి. అవి 4,000కు పైబడిన మృగములవి. ఒక్కొక్కటి సుమారు 60 కిలోగ్రాములు తూగెడిది. హిమయుగాంతమున పెద్ద శాకాహారులు నశింపగా, ఈ తోడేళ్లును నశించెను. అచ్చటనే తిరిగిన కొయోటీ యను చిన్న మృగము దొరకినదెల్ల తిని, దేహమును మునుపటికంటె చిన్నది చేసికొని, నేటికిని జీవించియున్నది.

కావున పెద్ద దేహము వరమే యైనను, దానిని పోషించు నెర యున్నంతవరకే వరము. నేడు పులి స్థితియు నిట్టిదే. పులిని కాపాడవలెనన్న ముందుగా దుప్పిని, దుప్పి మేయు పచ్చికను కాపాడవలెను.