పందెపు బాటపై తొలిదినము

సూర్యాపేట నుండి ఖమ్మమునకు పోవు రహదారిని చూచినపుడు యువకుని పాదము ఆక్సిలరేటరుపై బరువెక్కుట సహజమే. కాని ఆ దారిపైననే మన కుసుమంచి పిల్లలు బడికి పోవుదురు, గేదెలు చెరువునకు పోవును. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 189వ సెక్షను, ప్రభుత్వపు లిఖితపూర్వకమైన అనుమతి లేక బహిరంగ స్థలములలో జరుపు వేగ పందెములను నేరముగా పరిగణించినది.

వేగమునకు తగిన చోటు వేరే కలదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగరపు ఒడ్డున జరిగిన ఫార్ములా-ఇ పందెము నిపుణులది. సామాన్యుడు రుసుము చెల్లించి, సొంత కారును నడుపుకొనునట్టి దినమును ‘ట్రాక్ డే’ యందురు. అందులో బహుమతి లేదు, ప్రథమస్థానము లేదు. మనకు దగ్గరి బాటలలో మేలైనది చెన్నై చెంత ఇరుంగట్టుకోట్టైలో 1990లో ఆరంభమైనది, పొడవు 3.717 కిలోమీటర్లు.

కారు విషయమున అందరూ ఇంజను శక్తిని గూర్చి అడుగుదురు. మేము బ్రేకులను గూర్చి అడుగుదుము. వేగము రెట్టింపైనచో దానిని ఆపుటకు కావలసిన దూరము నాలుగు రెట్లగును. పొడి తారుపై గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు సుమారు 20 మీటర్లలో ఆగినచో, 120 కిలోమీటర్ల వేగమున 80 మీటర్లు కావలెను. ఆ గతిశక్తి యంతయు బ్రేకులలో వేడిగా మారును. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. డాట్-4 రకము క్రొత్తదైనచో కనీసము 230 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరగదు; తేమ పట్టిన పిమ్మట ఆ హద్దు 155 డిగ్రీలకు దిగజారవచ్చును. మరగినచో ఆవిరి బుడగలు పుట్టును, పెడలు నేలకు కూరుకొనిపోవును, కారు ఆగదు. కనుక బయలుదేరుటకు ముందే ఆయిల్ మార్పించి, ప్యాడ్ల మందము చూడవలెను. బాట దిగిన వెంటనే హ్యాండ్ బ్రేకు లాగరాదు; గేరులో నుంచి చక్రమునకు రాయి పెట్టిన చాలును.

టైర్ల గాలిని చల్లగా నున్నపుడొకసారి, పరుగు తరువాత మరియొకసారి కొలువవలెను. చక్రపు నట్లు బిగించవలెను. స్టెప్నీ, జాకీ, కాలిక్రింది మ్యాటు, అన్నిటికంటె ముఖ్యముగా నీళ్ల సీసా బయట పెట్టవలెను. మలుపులో దొర్లిన సీసా బ్రేకు పెడలు క్రింద చేరుటకు క్షణము పట్టదు.

ఇక మనిషి. మన ఉర్దూ మిత్రులు జోష్, హోష్ అను రెండు మాటలను జంటగా వాడుదురు. బాటపై రెండవదే మొదట కావలెను. ఖమ్మము నుండి చెన్నైకి ఐదువందల కిలోమీటర్ల పైమాట. రాత్రంతయు నడిపి తెల్లవారి బాటపైకి పోవుట తగదు. ఒకనాడు ముందే చేరి నిద్రింపవలెను. హెల్మెట్టు, నూలు దుస్తులు, పలుచని అడుగు గల బూట్లు ధరింపవలెను. పసుపు జెండా అపాయమును, ఎరుపు జెండా పరుగు నిలుపుటను, నీలి జెండా వెనుకనున్న వేగవంతుని తెలుపును. మొదటి చుట్టు నెమ్మదిగా, బాట నేర్చుకొనుటకే. చూపు బానెట్టుపై గాక రాబోవు మలుపుపై నుండవలెను. బ్రేకు తిన్నని దారిలోనే ముగించి పిదప స్టీరింగు త్రిప్పవలెను. చివరి చుట్టు మరల నెమ్మదిగా నడిపి బ్రేకులను చల్లార్చవలెను.

సాధారణ బీమా పాలసీ పందెములలోను, వేగ పరీక్షలలోను కలుగు నష్టమును భరింపదు. ఈ సంగతి ఇంటి పెద్దలకు ముందే చెప్పవలెను. తిరుగు ప్రయాణము ఆ కారులోనే గనుక, బయలుదేరు ముందు ప్యాడ్లను, టైర్లను మరల చూచుకొని, స్టెప్నీని మరువక ఎక్కించుకొనవలెను.