రాతిమీది గీతలు

విద్యార్థులారా! మంచుగడ్డపై గోటితో గీచినచో గీత పడును. అంత మెత్తని వస్తువు కఠినమైన కొండరాతిని చెక్కగలదా? ఈ ప్రశ్నకు సమాధానము స్విట్జర్లండు దేశమందలి ఆల్ప్సు పర్వతములయందు గలదు.

అచ్చటి శిఖరములపై ఏటేట కురిసిన హిమము కరగక మిగిలి, పొరమీద పొరగా పేరుకొని, తన బరువుచేతనే అణగి గట్టి మంచుగడ్డయగును. అది లోయవెంట మెల్లమెల్లగా దిగజారును. దీనినే హిమానీనదమందురు. అందు ఆలెచ్ అనునది 20 కిలోమీటర్లకు పైగా పొడవు గలది.

హిమానీనదము రెండు విధములుగా పని చేయును. మొదటిది పెరుకుట. అడుగున కరగిన నీరు రాతి పగుళ్లలో జొచ్చి మరల గడ్డకట్టును. మంచు కదలినప్పుడు ఆ రాళ్లు ఊడి దానితో పోవును. రెండవది ఒరయుట. అట్లు చిక్కుకొన్న రాళ్లే క్రిందిబండను గీకుచు పోవును. వడ్రంగి బల్లను ఉప్పుకాగితముతో రుద్దునప్పుడు దానిని నునుపు చేయునది కాగితము కాదు, దానికంటిన ఇసుకయే గదా! ఇదియు నట్టిదే.

కొండలలో ఏరు త్రవ్విన లోయ సాధారణముగా అడుగున ఇరుకై యుండును. హిమానీనదము మలచిన లోయ తొట్టివలె అడుగున వెడల్పై, ప్రక్కలు నిటారుగా నుండును. లౌటర్‌బ్రూనెన్ లోయ యట్టిది; దాని గోడపైనుండి స్టౌబాక్ జలపాతము సుమారు 300 మీటర్లు క్రిందికి దూకుచున్నది. ఒకే పర్వతమును పలుదిక్కుల హిమానీనదములు తొలిచినచో కొమ్మువంటి శిఖరము మిగులును. 4,478 మీటర్ల ఎత్తుగల మాటర్‌హార్న్ ఇట్లేర్పడినదే.

మంచు ఒకప్పుడు ఇంకను దూరము వ్యాపించియుండెనని ముందుగా గ్రహించినవారిలో నొకడు పండితుడు కాడు. లూర్త్యే గ్రామపు వేటకాడగు పెరోదాన్. మంచునకు మిక్కిలి దూరమున గూడ బండలపై గీతలను, ఆ చోటికి చెందని పెద్ద రాళ్లను అతడు చూచెను. నీరు ఇంత రాతిని మోయజాలదని తలంచెను. 1815లో తన యింట బస చేసిన ఉప్పుగనుల అధికారి షార్పాంత్యేతో, పూర్వము ఈ లోయయంతయు మంచుతో నిండియుండెనని చెప్పెను. ఆ విద్వాంసుడు దానిని ఆలోచింపదగిన మాటగా నెంచలేదు.

తరువాత వెనెట్జ్ అను ఇంజనీరు 1829లో అట్టి యభిప్రాయమునే ప్రకటించెను. అది తప్పని చూపబూని షార్పాంత్యే కొండలను పరిశీలించెను. పరిశీలించి తానే ఒప్పుకొనెను. 1837లో అగాసీ యను శాస్త్రజ్ఞుడు పూర్వపు మహా హిమయుగమును గూర్చి న్యూషాటెల్ పట్టణమున ఉపన్యసించెను. 1841లో ప్రచురించిన తన గ్రంథమున షార్పాంత్యే, నాడు తాను త్రోసివేసిన పెరోదాన్ మాటలను దాచక వ్రాసెను.

బాలబాలికలారా! మీలో పెక్కండ్ర తల్లిదండ్రులు బడిలో చదివినవారు కారు. అయినను నేలను, నీటిని, రాతిని దినదినము చూచువారు. వారు చెప్పినదానిని పరీక్షింపక త్రోసివేయకుడు. పరీక్షించిన పిమ్మట మీదే తప్పని తేలినచో, షార్పాంత్యేవలె ఒప్పుకొనుడు. అదియు విద్యయే.