ముందు అద్దం మీద నీళ్ళు పడకపోతే – పాత పికప్ బండిలో వాషర్ పంపు పరీక్ష, మార్పిడి
(బి.యస్సీ., యం.పి.సి., మూడవ సంవత్సరం)

 

అరచేతిలో ఇమిడిపోయే ఒక యంత్రాన్ని గురించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను. దాని పేరు వాషర్ పంపు. కారు గాని, జీపు గాని, పికప్ గాని, ముందు అద్దం మీదికి నీళ్ళు చిమ్మేది ఇదే. "నీళ్ళెందుకు, వైపరు ఉంది గదా" అని కొందరు అంటుంటారు. అమెరికాలో మేరీ ఆండర్సన్ అనే ఆమె లోపలి నుంచి చేత్తో తిప్పే వైపరుకు 1903 నవంబరు 10న పేటెంటు పొందింది. వానకు ఆ వైపరు చాలు. దుమ్ముకు చాలదు. ఇసుకలో ఉండే క్వార్ట్జు అద్దం కంటే గట్టిది. పొడి అద్దం మీద వైపరు ఆడించామంటే సన్నని గీతలు పడిపోతాయి. రాత్రిపూట ఎదురు లారీ లైటు పడగానే దుమ్ము రేణువులూ, గీతలూ కాంతిని నలువైపులా చెదరగొట్టి అద్దమంతా తెల్లగా చేస్తాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 17 మీటర్లు. రెండు సెకన్లు దారి కనబడలేదంటే బండి 33 మీటర్లు గుడ్డిగా పోయినట్లే.

మాది వ్యవసాయ కుటుంబం. మిర్చి కాలంలో మా నాన్నగారు, బాబాయి తెల్లవారుజామునే పాత పికప్‌లో టిక్కీలు వేసుకొని గుంటూరు మిర్చి యార్డుకు బయలుదేరతారు. మంచు, దుమ్ము కలిసి అద్దం మీద పేస్టులా అంటుకునే వేళ అది. ఈ సంక్రాంతి తర్వాత ఆ బండి అద్దం మీద నీళ్ళు పడడం ఆగిపోయింది. నాన్నగారు నీళ్ళ సీసా, పాత గుడ్డ పక్కన పెట్టుకొని, దారిలో ఆపి ఆపి తుడుచుకుంటూ పోయేవారు. టౌనులో ఒక షెడ్డులో చూపిస్తే, బోనెట్ కూడా ఎత్తకుండా, స్టీరింగు దగ్గరి స్విచ్చి సెట్టు మొత్తం మార్చాలన్నారు. "మార్చాక కూడా రాకపోతే?" అని నాన్నగారు అడిగారు. దానికి సమాధానం రాలేదు. సామాను కొనక ముందే లోపం ఎక్కడుందో తేల్చుకోవచ్చునని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పంపు పనిచేసే విధానం

రైతు బిడ్డలకు ఇది కొత్త యంత్రమేమీ కాదు. మన బావి దగ్గరి మోటారుకు చిట్టి తమ్ముడు. 12 వోల్టుల డి.సి. మోటారు ఒక చిన్న ఇంపెల్లర్‌ను తిప్పుతుంది. అపకేంద్ర చర్య వల్ల నీరు బయటికి విసరబడి సన్నని పైపు గుండా నాజిల్‌కు పోతుంది. బావి మోటారు నీటికి పైన ఉంటుంది గనుక నీళ్ళు పోసి ఎత్తించాలి. ఇది నీళ్ళ డబ్బా అడుగునే ఉంటుంది గనుక నీరు తనంత తానే లోపలికి వస్తుంది. కొన్ని బండ్లలో పైపు మధ్య ఒక చిన్న వాల్వు ఉంటుంది. అది మన ఫుట్‌వాల్వ్ లాగా పైపులోని నీరు వెనక్కి జారిపోకుండా చూస్తుంది. స్విచ్చి నొక్కిన చాలాసేపటికి గాని నీళ్ళు రాకపోతే ముందు ఈ వాల్వునే అనుమానించాలి.

మొదట చెవితో పరీక్ష

డబ్బాలో నీళ్ళున్నాయో లేవో ముందు చూడండి. నిండుగా పోసినా మర్నాటికి ఖాళీ అవుతుంటే డబ్బాయో, పంపు చుట్టూ ఉన్న రబ్బరు రింగో కారుతున్నట్లు లెక్క. తర్వాత ఇంజను ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచి, ఒకరు లోపల స్విచ్చి నొక్కాలి. మరొకరు బోనెట్ ఎత్తి డబ్బా దగ్గర చెవి పెట్టాలి. మాకు తమ్ముడు స్విచ్చి నొక్కాడు, బాబాయి చెవి పెట్టాడు.

"జుమ్"మని శబ్దం వస్తూ నీళ్ళు రాకపోతే కరెంటు అందుతోందన్నమాట. అప్పుడు పంపు దగ్గర పైపు ఊడదీసి మళ్ళీ నొక్కండి. అక్కడ నీళ్ళు చిమ్మితే పంపు మంచిదే. ముందున్న పైపు పగిలిందో, నలిగిందో, నాజిల్ పూడిందో చూడాలి. అక్కడ కూడా రాకపోతే పంపు నోటి దగ్గరి జల్లెడలో పాచి పేరుకొని ఉండవచ్చు, లేదా ఇంపెల్లర్ విరిగి ఉండవచ్చు.

శబ్దమే లేకపోతే లోపం కరెంటు దారిలో ఉందో, మోటారులో ఉందో తేల్చాలి. ముందు ఫ్యూజు చూడండి. అది బాగుంటే పంపు ప్లగ్గు ఊడదీసి తర్వాతి పరీక్షకు పోవచ్చు.

మీటరా, బల్బా?

ఇక్కడ మన ఫిజిక్సు ల్యాబు పనికివస్తుంది. డిజిటల్ మల్టీమీటరు కంటే రెండు వైర్లు కట్టిన 5 వాట్ల బల్బు ఈ పనికి మేలు. ఎందుకో చూడండి. ఎక్కడో ఒక జాయింటు తుప్పు పట్టి 20 ఓముల నిరోధం వచ్చిందనుకుందాం. మీటరు నిరోధం సాధారణంగా 10 మెగా ఓములు. దాని ముందు 20 ఓములు లెక్కలోకి రావు. కావున మీటరు పూర్తి 12 వోల్టులు చూపిస్తుంది, మనం పంపును తప్పు పడతాం. 5 వాట్ల బల్బు వెలిగేటప్పుడు దాని నిరోధం సుమారు 29 ఓములు. అదే జాయింటుతో దానికి 7 వోల్టుల లోపే అందుతుంది గనుక మిణుకుమంటుంది. పంపు 3 ఆంపియర్లు తీసుకునేదైతే దాన్ని 4 ఓములుగా లెక్కవేయవచ్చు. దానికి దక్కేది 2 వోల్టులే. తిరగదు. పని చేయించి చూస్తేనే వైరు బలం తెలుస్తుంది.

ప్లగ్గులోని రెండు పిన్నుల మధ్య బల్బు పెట్టి స్విచ్చి నొక్కించండి. బాగా వెలిగితే లోపం పంపుదే. మిణుకుమంటే జాయింటుదో, ఎర్తుదో. అసలు వెలగకపోతే బల్బు ఒక వైరును బ్యాటరీ నెగటివ్‌కు కట్టి, రెండవదాన్ని ఒక్కొక్క పిన్నుకు తాకించండి. ఇప్పుడు వెలిగితే ఎర్తు తెగింది. అప్పటికీ వెలగకపోతే స్విచ్చి, దానికి వచ్చే వైర్లు చూడాలి.

మా బండిలో బల్బు దేదీప్యమానంగా వెలిగింది. ఫ్యూజు, స్విచ్చి, వైర్లు, ఎర్తు – అన్నీ ఒక్క దెబ్బతో నిర్దోషులని తేలిపోయాయి. పంపు ఊడదీసి, చెంబులో నీళ్ళలో దాని నోరు ముంచి, బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చాం. కదల్లేదు. తర్వాత విప్పి చూస్తే సీలు దాటి నీరు లోపలికి దిగి, షాఫ్టు తుప్పుతో బిగిసిపోయి ఉంది. స్విచ్చి సెట్టు కొని ఉంటే ఆ డబ్బు వృథా అయ్యేది, నీళ్ళూ వచ్చేవి కావు.

మార్చే పద్ధతి

1. బ్యాటరీ నెగటివ్ వైరు తీసివేయాలి. పంపు లాగగానే డబ్బాలోని నీళ్ళన్నీ కారతాయి కనుక కింద బకెట్టు పెట్టాలి.

2. పాత పైపు గట్టిపడి ఊడకపోతే వేడినీళ్ళలో ముంచిన గుడ్డ చుట్టండి. బలవంతంగా లాగితే చీలిపోతుంది.

3. పంపును అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగాలి. పాత రబ్బరు రింగు తీసేసి, డబ్బా లోపలి పాచి, మట్టి శుభ్రంగా కడగాలి.

4. పాత పంపు కొట్టుకు తీసుకుపోయి వోల్టేజి, ప్లగ్గు, నీటి మూతి దిశ సరిచూసి కొత్తది కొనాలి. రబ్బరు రింగు కూడా కొత్తదే వేయాలి.

5. రింగును మంచినీళ్ళతో తడిపి బిగించాలి. గ్రీజు, కిరోసిను తగిలితే రబ్బరు ఉబ్బిపోవచ్చు.

6. ప్లగ్గు పిన్నులను గరుకు కాగితంతో రుద్ది బిగించాలి. వైర్లు తారుమారైతే మోటారు వెనక్కి తిరిగి నీళ్ళు నీరసంగా వస్తాయి.

7. నీళ్ళు పోసిన తర్వాతే స్విచ్చి నొక్కాలి. సీలును చల్లబరిచేది ఆ నీరే. నీళ్ళు లేకుండా ఆడించడం, ఏకబిగిని పది సెకన్లకు మించి నొక్కడం పనికిరావు.

ఏ నీళ్ళు పోయాలి?

మా ఊళ్ళో బోరు నీళ్ళు కఠినజలం. అందులోని కాల్షియం బైకార్బనేటు ఎండ వేడికి కార్బనేటుగా మారి నాజిల్ రంధ్రంలో సున్నంలా పేరుకుంటుంది. నాజిల్‌ను వెనిగర్‌లో నానబెట్టి సన్నని సూదితో పొడిస్తే వదులుతుంది. సబ్బునీళ్ళు పోయవద్దు. సబ్బు కఠినజలంతో కలిసి తెట్టు కడుతుంది. ఆర్.ఓ. మిషను నుంచి వృథాగా పోయే నీళ్ళలో లవణాలు మరింత ఎక్కువ, అవీ వద్దు. వడగట్టిన వాన నీళ్ళు శ్రేష్ఠం.

మిత్రులారా, ఓమ్ సూత్రం మనం ఇంటర్మీడియట్ నుంచీ చదువుతున్నాం. మార్కులు కూడా వచ్చాయి. సెలవులకు ఇంటికి వెళ్ళినపుడు ఒక బల్బు, రెండు మూరల వైరు పట్టుకొని పశువుల కొట్టం పక్కన నిలబెట్టిన బండినో, మూలపడ్డ మోటారునో ఒకసారి పరీక్షించి చూడండి. అద్దం తేటగా ఉంటే తెల్లవారుజామున బండి తోలే మన పెద్దవాళ్ళు క్షేమంగా ఇల్లు చేరతారు. అందుకోసమైనా ఈ రెండు గంటల పని నేర్చుకోదగినదే.