గోటితో పోయే లింకు

మా గృహప్రవేశం ఆల్బమ్‌లో వ్రతం ఫొటోలు బోలెడున్నాయి. పాలు పొంగించినది మాత్రం ఒక్కటే, అదీ ఓ మూల బొటనవేలు అడ్డం పడినది. తప్పు ఫొటోగ్రాఫర్‌ది కాదు, నాది.

సీ డ్రైవ్ నిండిపోతోందని ఫొటోల ఫోల్డర్‌ను డీ డ్రైవ్‌కి మార్చి, పాతచోట ఒక లింకు పెట్టాను. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎంకేలింక్ అనే కమాండ్‌తో పెట్టేది. విస్టా కాలం నుంచీ ఉంది. చూడ్డానికి అచ్చం ఫోల్డరే, తెరిస్తే ఫొటోలూ కనిపిస్తాయి. కానీ దాని సొంత సరుకంటూ ఏమీ ఉండదు. ఇల్లు మారినవాళ్లు పాత తలుపుకి అంటించిపోయిన కొత్త చిరునామా కాగితం, అంతే.

కొన్నాళ్లకి ఆ కాగితం అక్కర్లేకపోయింది. డెల్ అని కొట్టి, లింకు పేరు రాసి, ఎంటర్ నొక్కాను. ‘ఖాయమేనా?’ అని అడిగింది. వై నొక్కాను. అడిగిన వరుసలో పేరు చివర చిన్న నక్షత్రం గుర్తుంది, అంటే ‘లోపలున్న ఫైళ్లన్నీ’ అని అర్థం. ఎవరు చదివారు? డెల్ పోయి డీ డ్రైవ్‌లోని అసలు ఫైళ్ల మీద పడింది. అలా పోయినవి రీసైకిల్ బిన్‌లోకి కూడా రావు. వ్రతం ఫొటోలు లోపల ఇంకో ఫోల్డర్‌లో ఉండబట్టి బతికాయి. తీసేద్దామనుకున్న లింకు మాత్రం చెక్కుచెదరలేదు!

తర్వాత నేర్చుకున్న పద్ధతి ఇది. ముందు డిర్ అని కొట్టి చూడాలి. మామూలు ఫోల్డరైతే పేరు పక్కన డిర్ అని ఉంటుంది. లింకైతే జంక్షన్ అనో సిమ్‌లింక్‌డి అనో ఉండి, అది ఎక్కడికి తీసుకెళ్తుందో కూడా బ్రాకెట్లలో ఉంటుంది. (సీ డ్రైవ్‌లో దాగి ఉండే డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ కూడా ఇలాంటి జంక్షనే, యూజర్స్ ఫోల్డర్‌కి దారి. పాత ప్రోగ్రాములకోసం ఉంచారు, జోలికి పోకండి.) చూశాక ఆర్‌డి, పక్కన లింకు పేరు. స్లాష్ ఎస్ లాంటి తోకలేవీ వద్దు.

ఆ తోక ఎందుకు వద్దో చెప్పాలి, అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఒట్టి ఆర్‌డికి బలం తక్కువ. లింకునైతే తీసేస్తుంది. మీరు పొరబడి సరుకున్న అసలు ఫోల్డర్ పేరు రాశారనుకోండి, ‘ఖాళీగా లేదు’ అని మొరాయిస్తుంది. స్లాష్ ఎస్ తగిలిస్తే మొరాయించదు, లోపలున్నదంతా ఊడ్చేస్తుంది. లినక్స్‌లోనూ ఇదే కథ. ఒట్టి ఆర్‌ఎం లింకును తీస్తుంది, అసలు డైరెక్టరీని ముట్టనంటుంది. పేరు చివర స్లాష్ పెట్టి ఆర్‌ఎఫ్ తోక తగిలించారంటే సరుకు మీదకే రావచ్చు. అంటే తక్కువ బలమున్న కమాండ్ పని చేయడమే కాదు, మీరు పట్టుకున్నది కాగితమో ఇల్లో కూడా చెబుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని మన పెద్దలు శ్రమ మిగలడానికే అన్నారనుకునేవాణ్ని. గోరు దిగకపోతే అది లేత మొలక కాదని తెలుస్తుంది కూడా.

ఆ మధ్య మా ఆఫీసులో ఓ కుర్రాడొచ్చి, ‘సార్, రిజైన్ చేసేస్తున్నా’ అన్నాడు.

‘ఏం విసిగిస్తోంది?’

‘రాత్రి తొమ్మిదింటి కాల్ సార్. అన్నం ముందు కూర్చోగానే మోగుతుంది.’

‘ఏడింటికి మార్చమని అడిగావా?’

‘లేద్సార్.’

అడిగాడు. కుదరదన్నారు. కారణం అడిగితే, ఇష్టం లేకపోతే మానేయమన్నారు. రెండు నెలల్లో వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. మంచి పని చేశాడనే అంటాను. చిరాకు కాల్ దగ్గర ఆగదని తెలుసుకుని మరీ గొడ్డలి ఎత్తాడు. కోపంలో మొదటిరోజే కాగితం పడేసి ఉంటే, వెళ్లిన చోటా తొమ్మిదింటి కాల్ ఉంటుందేమో అడగాలని కూడా తట్టేది కాదు.

మీకూ ఇలాంటిదొకటి ఉండే ఉంటుంది. తెంచుకోవాలనుకుంటున్నదాన్ని ఒకసారి డిర్ కొట్టి చూడండి. స్నేహితుడి మీద కోపమా, వాడు నడిపే చీటీ మీదా? చీటీ మీదైతే ఈ విడత అయ్యాక మానేస్తానని చెప్పండి. దానికే వాడు ఎగిరిపడితే, మీరు చూడని సరుకు ఏదో లోపల ఉన్నట్టు.

నా విషయానికొస్తే, మా చుట్టాల వాట్సాప్ గ్రూపు. మామయ్య రోజూ ఉదయం ఆరింటికి గులాబీ పువ్వు, ఆ వెనకే నాలుగు వీడియోలు. గ్రూపులోంచి బయటికొస్తే అడ్మిన్లకి తెలిసిపోయి, పెళ్లిళ్లలో పదేళ్లపాటు మాట్లాడుకుంటారు. మ్యూట్‌లో ఎనిమిది గంటలు, వారం, ఎప్పటికీ అని మూడున్నాయి. మొదట వారం పెట్టాను. ఆ వారంలో మామయ్య మీద కోపం ఒక్కసారి కూడా రాలేదు. గొడవ మోతతోనేనని తేలిపోయింది. ఇప్పుడు ఎప్పటికీలో ఉంది.

ఫొటోలు పోయినప్పుడు ఆ గ్రూపులోనే అడిగాను, ఎవరి దగ్గరైనా పాలు పొంగించిన ఫొటో ఉందా అని. మర్నాడు ఆరింటికి గులాబీ కింద వచ్చింది. బొటనవేలు మామయ్యదే.